పదకొండు చుట్లు

దేవరకొండ రోడ్డులో సైదమ్మ వైండింగ్ షాపు.
లోపల కాలిన వార్నిష్ వాసన.
గోడ వారకు పడుకున్న సబ్‌మెర్సిబుల్ మోటర్లు,
లో వోల్టేజీకి మాడినవి కొన్ని,
నీళ్లు అడుగంటినా తిరిగి తిరిగి గొంతెండినవి కొన్ని.
ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఊరి పేరు:
చింతపల్లి, గుర్రంపోడు, మర్రిగూడ.

వాటి నడుమ నిలబడి
అగ్గిపెట్టెలో దూది మీద పెట్టి తెచ్చినదాన్ని
తీసి చూపించడానికి సిగ్గుపడ్డ.

"గిదేంది పిల్లా, చెవిపోగు తెగిందా?"

కాదు. రక్తనాళంలోకి పంపే కాయిల్.
బియ్యపు గింజ కన్నా సన్నం.
ల్యాబులో నేను చుట్టిన పద్నాలుగోది.
మిగతా పదమూడూ మైక్రోస్కోపు కింద తెగినయి,
తెగనివి అబద్ధాలు చెప్పినయి.

"ఏం తిప్పుతది?"
ఏం తిప్పదు. వింటది.
ఎమ్మారై అయస్కాంతంలో పడుకుంటే
ఒంట్లోని నీళ్లు సన్నగా ఏదో అంటయి.
బయట పెట్టిన పెద్ద కాయిల్‌కు అది
వాకిట్లో నిలబడి వంటింటి గుసగుస విన్నట్టు.
అందుకే చెవినే లోపలికి పంపుతున్నం.

"లోపల గోడకు ఏముంటది వినడానికి?"
పొయ్యి మీద ఆమె చాయ్ గిన్నె చూపించిన.
బోరునీళ్లు ఏండ్లకేండ్లు కాగి
అడుగున కట్టిన తెల్లటి పెచ్చు.
అట్లాంటిదే. ఎప్పుడు ఊడుతదో
పైనుంచి చూస్తే తెలువది.

అద్దం కంటికి పెట్టుకొని చాలాసేపు చూసింది.
"సగం కుడికి చుట్టినవ్, సగం ఎడమకు.
మోటర్ల గిట్ల చుడితే నా దుకాణం బందే."
కావాలనే చుట్టిన.
రెండూ ఎదురెదురు నిలబడి తోసుకుంటే
నడుమ సందులోంచి వినికిడి
పక్కకు, గోడ దిక్కుకు మళ్లుతది.
"ఓహో. పాలోళ్లిద్దరు కొట్లాడుకుంటుంటే
గెట్టు మీద కూసున్నోనికి అన్ని ముచ్చట్లు తెలిసినట్టు."

నా నోట్‌బుక్‌లో నాలుగు పేజీల సమీకరణాలు.
వాటి కింద ఆ మాట రాసుకున్న.

అప్పుడు తప్పు పట్టింది.
"చుట్టుకు చుట్టు ఆనించినవ్.
సందు లేకుంటే ఒకదాని మాట ఇంకోటి దొంగిలిస్తది.
ఇగ బయటి మాట ఏం వింటది?"

దానికి మేం పెట్టుకున్న పేరు కెపాసిటెన్స్.
మూడు నెలలుగా పేరు తెలుసు,
మందు తెలువది.

పక్కింట్లో పుట్టపాక నుంచి వచ్చిన నేతోళ్లు.
వాళ్లనడిగి ఒక్క పట్టుపోగు తెచ్చింది.
రాగితీగను, పట్టుపోగును జోడుగా పట్టి
సూది మీద చుట్టుకుంటూ పోయింది.
పెదవులు కదలలే. లెక్క లోపల్లోపలే.
బయట బోరు లారీ పోతే దుకాణం అదిరింది,
ఆమె వేలు అదరలే.
పదకొండు.
సూది తిప్పి పట్టి, ఎదురు దిక్కుకు మళ్లీ పదకొండు.
వార్నిష్ చుక్క ఆరినంక
పట్టుపోగును మెల్లగా లాగేసింది.
పోగు పోయింది, సందు మిగిలింది.

రాత్రి పదిన్నరకు,
ఆఖరి మోకాలి పేషెంటు వెళ్లినంక,
స్కానింగ్ సెంటర్ నవాజ్ తలుపు తీసిండు.
ఉప్పునీళ్ల డబ్బాలో పొట్టేలు గుండె పక్క పెద్దనరం,
"దీన్నేం వండుకుంటవమ్మా" అని
మటన్ కొట్టు బుచ్చిరాములు నవ్వుకుంట ఇచ్చింది.

మిషన్ అరిచేటప్పుడు మా కాయిల్ చెవి మూసుకోవాలె.
లేకుంటే వేడెక్కుతది, నాళాన్నే కాలుస్తది.
అందుకే ఒక డయోడు కాపలా పెట్టిన.
అరుపు ఆగిన మరుక్షణం తెరుచుకోవాలె.
మొదటిసారి తెరుచుకోలే. తెర నిండా పేలాలు.
రెండోసారీ అంతే.
నవాజ్ కుర్చీలోనే ఒరిగిండు.
అతుకు విప్పి మళ్లీ కాల్చిన.

రెండు గంటలకు
చీకట్లో ఒక తెల్లటి ఉంగరం.
దానికి మూడు పొరలు. ఒక పక్కన
గోరుతో నొక్కినట్టు చిన్న లొత్త.
నవాజ్‌ను లేపలే. కాసేపు నేనొక్కదాన్నే చూసిన.

పొద్దున పోయి చెప్తే
"కాలలే గదా?" అదొక్కటే అడిగింది సైదమ్మ.
బిల్లు పుస్తకం తీసింది.
పేరు రాసింది, ఊరు రాసింది.
హెచ్.పి. అన్న గడి కాడ పెన్ను ఆగింది.
నా దిక్కు చూసి,
సున్న చుట్టింది,
మెల్లగా, గుండ్రంగా,
కొసలు రెండూ ఆననియ్యకుండ
ఇంత సందు విడిచి.